కండరాలు సడలించే మాత్రలు మొదలుపెట్టే ముందు

నడుము పట్టేసినా, మెడ తిప్పలేకపోయినా డాక్టరు ఒక్కోసారి నొప్పి మాత్రతో పాటు కండరాలు సడలడానికి ఇంకో మాత్ర రాస్తారు. అది నేరుగా పట్టేసిన చోటికే వెళ్లి పనిచేస్తుందనుకుంటాం. నిజానికి ఈ మందుల్లో చాలావరకు పనిచేసేది మెదడు, వెన్నుపాముల మీద. అందుకే నడుము సంగతి ఎలా ఉన్నా ముందు కళ్లు మూతలు పడతాయి.

కాబట్టి మొదటి మాత్ర రాత్రిపూట వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి. ఎవరికి ఎంత మత్తు వస్తుందో ముందే చెప్పలేం. కొందరికి మర్నాడు పొద్దున కూడా తల దిమ్ముగానే ఉంటుంది. ఆ సంగతి తేలేదాకా బండి తీయొద్దు, నిచ్చెన ఎక్కొద్దు. ఈ మాత్రల్లో ఒకటైన టిజానిడిన్ అయితే బీపీని కూడా తగ్గిస్తుంది. రాత్రి బాత్రూముకని గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, మంచం అంచున కాసేపు కూర్చుని అప్పుడు నిలబడండి. నడుము పట్టేసినవాళ్లు ఎలాగూ అలాగే లేవాలి. 65 ఏళ్లు దాటినవాళ్లు పడిపోయి ఎముకలు విరగ్గొట్టుకునే భయం ఉంది కనుక వీటిలో చాలావాటిని వాళ్లకు వీలైనంతవరకు ఇవ్వకపోవడమే మంచిది.

నన్నడిగితే, అసలు చిక్కంతా వీటితో పాటు వేసుకునే వాటితోనే. మద్యం, నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులు తోడైతే ఊపిరి మందగించవచ్చు. టిజానిడిన్ వాడుతుంటే సిప్రోఫ్లాక్సాసిన్ అస్సలు వేసుకోకూడదు. టిజానిడిన్ లివర్‌లో విచ్ఛిన్నం కాకుండా ఆ యాంటీబయాటిక్ అడ్డుపడుతుంది, దాంతో రక్తంలో మందు ఎన్నో రెట్లు పెరిగి బీపీ బాగా పడిపోతుంది. మూత్రంలో మంట అని వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ యాంటీబయాటిక్ రాయొచ్చు, అప్పుడు నడుము మాత్ర సంగతి ఎవరికీ గుర్తురాదు. స్ట్రిప్ జేబులో పెట్టుకుని వెళ్లండి.

ఆ స్ట్రిప్ వెనకవైపు ఓసారి చదవండి కూడా. కొన్నింట్లో పారాసెటమాల్, డైక్లోఫెనాక్ కలిసే ఉంటాయి. తెలియక జ్వరం మాత్ర విడిగా వేసుకుంటే పారాసెటమాల్ రెండింతలవుతుంది. థయోకాల్చికోసైడ్ అని కనిపిస్తే గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముట్టుకోవద్దు. మిగతావాళ్లు కూడా ఆ మాత్రను 7 రోజులకు మించి వాడొద్దని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2013లోనే చెప్పింది. కిడ్నీ జబ్బు ఉంటే బాక్లోఫెన్ మోతాదు తగ్గించాలి. గుండె లయ తప్పేవాళ్లకు, థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవాళ్లకు సైక్లోబెంజాప్రిన్ పనికిరాదు.

మామూలు పట్టుకు రెండు మూడు వారాలకు మించి ఈ మాత్రలతో పని ఉండదు. బాక్లోఫెన్ నెలల తరబడి వాడేవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే భ్రమలు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. స్ట్రిప్ ఖాళీ కాకముందే కొత్తది తెచ్చుకోవాలి, ఆపాలంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

క్లోర్‌జాక్సజోన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు పడక్కర్లేదు. కళ్లు పచ్చబడితే మాత్రం మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చూపించాలి. నడుము నొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, కాలు పట్టు తప్పినా అది మాత్రలతో తగ్గే పట్టు కాదు, అప్పటికప్పుడే ఎమర్జెన్సీకి వెళ్లండి.