జెట్‌స్కీకి 701 సీసీ ఇంజిన్ అమర్చిన అనుభవం

మైలవరం జలాశయంలో నడిపే మా మూడు సీట్ల యమహా జెట్‌స్కీ (నీటి మీద నడిపే స్కూటరు) లోని 633 సీసీ ఇంజిన్, ఇద్దరు ఎక్కితే చాలు వేగం అందుకోలేక అవస్థ పడుతుండటంతో, దాని స్థానంలో 701 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్‌ను అమర్చాము.

ఇంజిన్‌ను దించి బోల్టులు బిగించడం పెద్ద పని కాదు. ఇంజిన్ కప్లింగును (షాఫ్టులను కలిపే ముక్క), నీటిని వెనక్కి చిమ్మి బండిని నడిపే పంపు వైపు షాఫ్టు కప్లింగును ఒకే వరుసలోకి తేవడమే అసలు పని. రెండింటి మీదా స్టీలు స్కేలు ఆనించి చూస్తే, పక్కన సరిగానే ఉన్నా పైన సన్నని వెలుతురు గీత కనిపించింది. ప్రొద్దుటూరులోని లేత్ షాపు యజమాని ఎత్తు సరిచేయడానికి ఇంజిన్ కింద పెట్టే పలుచని రేకు ముక్కలు, అంటే షిమ్ములు, కత్తిరించి ఇస్తూ, “అన్నా, బోల్టు బిగించినాక మళ్లీ స్కేలు పెట్టి చూడు, లేకుంటే బేరింగు పోతుంది” అని హెచ్చరించారు. అది అక్షరాలా నిజం. బిగించగానే వరుస కాస్త కదిలింది, మరో షిమ్ము వేయవలసి వచ్చింది.

పంపులో నీటిని నెట్టే రెక్కల చక్రమైన ఇంపెల్లరును పాతదే ఉంచితే కొత్త ఇంజిన్ పరిమితికి మించి తిరిగే ప్రమాదం ఉన్నందున, పిచ్ (రెక్కల వాలు) ఎక్కువ ఉన్న ఇంపెల్లరును వేశాము. దీనికి చేసే ఖర్చు దండగ కాదని నా గట్టి అభిప్రాయం.

ఒడ్డున పరీక్షించేటప్పుడు ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆ తర్వాతే దాన్ని చల్లబరిచే పైపు నీరు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీరు కట్టేసి, తర్వాత ఇంజిన్ ఆపాలి. ఈ క్రమం తప్పితే ఎగ్జాస్టు గుండా నీరు సిలిండర్లలోకి చేరుతుంది.