వెబ్ డిజైన్‌కి అమీర్‌పేట పోవాలా, ఇంట్లోనే నేర్చుకోవచ్చా? ఫీజు కట్టే ముందు ఇది చేసి చూడండి

డిగ్రీ అయిపోయిన పిల్లలు మా హుజూరాబాద్ వైపు నుంచి ఫోన్ చేసి నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, అన్నా వెబ్ డిజైన్ కోర్సుకి అమీర్‌పేట రావాలా లేక యూట్యూబ్ చూసి నేర్చుకుంటే సరిపోతుందా అని. నేను అందరికీ ఒకటే చెప్తా, ముందు 15 రోజులు ఇంట్లో కూర్చుని ఒక్క పేజీ చేయి, ఫీజు సంగతి తర్వాత చూద్దాం.

ల్యాప్‌టాప్‌లో కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్ వీఎస్ కోడ్ వేసుకోండి, అది ఫ్రీ. ఫ్రీకోడ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్‌లో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ (ఫోన్‌కైనా ల్యాప్‌టాప్‌కైనా సరిపోయేలా పేజీ చేయడం) కోర్సు ఉంది, అదీ ఫ్రీయే, బ్రౌజర్‌లోనే కోడ్ రాసుకుంటూ పోవచ్చు. ఏదైనా ట్యాగ్ (పేజీలో ఏ భాగం ఏంటో చెప్పే కోడ్ ముక్క) అర్థం కాకపోతే ఎండీఎన్ (MDN) అనే సైట్‌లో వెతకండి, అన్నిటికీ వివరాలు అక్కడ ఉంటాయి. పేజీలో వస్తువుల్ని వరుసగా సర్దే ఫ్లెక్స్‌బాక్స్ బుర్రకెక్కకపోతే ఫ్లెక్స్‌బాక్స్ ఫ్రాగీ అని కప్పల గేమ్ ఉంది, 24 లెవెల్స్, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. వీడియోలు చూడొద్దని కాదు, కానీ చూసేటప్పుడు అంతా వచ్చేసినట్టే ఉంటది, వీడియో ఆపేసి ఖాళీ ఫైల్ తెరిచి అదే మళ్లీ రాయండి, అప్పుడు తెలుస్తుంది ఎంత వచ్చిందో.

చేసే పేజీ మాత్రం మీ వీధిలో ఉన్న నిజం షాప్‌ది అయ్యుండాలి. టిఫిన్ సెంటర్ అనుకోండి, పేరు, ఇడ్లీ దోసె రేట్లు, రెండు ఫోటోలు, నొక్కితే ఫోన్ కలిసే బటన్, అంతే. తెలుగులో పెడితే ఇంకా మంచిది, గూగుల్ ఫాంట్స్‌లో హెడ్డింగ్‌కి రామభద్ర, మ్యాటర్‌కి మండలి లేదా నోటో సాన్స్ తెలుగు తీసుకోండి. ఇంగ్లీష్ పేజీలో చూసి లైన్ హైట్ (లైన్‌కి ఇచ్చే ఎత్తు) 1.2 పెడితే మన వత్తులు కింద లైన్‌కి తగులుతాయి, 1.6 నుంచి 1.8 దాకా పెట్టి చూడండి. పేజీ అయ్యాక గిట్‌హబ్ పేజెస్ అనే సర్వీస్‌తో ఫ్రీగా ఇంటర్నెట్‌లో పెట్టి ఫోన్‌లో తెరవండి, పక్కకి జరిగిపోతోందా, అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయా చూసుకోండి.

ఈ 15 రోజుల్లో మీరు ఎక్కడ ఆగిపోయారో అది ముఖ్యం. కోడ్ దగ్గర ఆగిపోతే క్లాస్ అక్కర్లేదు, బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి పేజీ వెనకున్న కోడ్‌ని ఇన్‌స్పెక్ట్ చేస్తూ పోతే చాలా వరకు దొరుకుతుంది. అసలు నాలుగో రోజు నుంచి కూర్చోలేకపోయారంటే మీకు టైమ్‌కి వెళ్లే బ్యాచ్ కావాలి, అందులో తప్పేం లేదు. ఇక పేజీ పని చేస్తోంది గానీ చూడ్డానికి బాలేదు, ఎందుకు బాలేదో తెలియట్లేదు అంటే మీకు కావాల్సింది మీ పేజీ చూసి చెప్పే మనిషి, అలాంటి సార్ దొరికితే ఫీజు కట్టడం దండగ కాదు.

ఇది నా అనుభవంతోనే చెప్తున్నా. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరా, హాలు నిండా జనం, సార్ బాగానే చెప్పేవాడు, కానీ 2 నెలల్లో నా పేజీ ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. ఎస్‌ఆర్ నగర్ హాస్టల్‌లో రూమ్మేట్ ఒక రాత్రి చూసి, బటన్ ఎక్కడుందో కనపడట్లేదు బ్రో అన్నాడు, కలర్ కాంట్రాస్ట్ (రంగుల మధ్య తేడా) అంటే ఏంటో నాకు ఆ రోజే అర్థమైంది.

అందుకే డెమోకి వెళ్తే ప్యాకేజీల కబుర్లు వదిలేసి, బ్యాచ్‌లో ఎంతమంది, మా పేజీలు వారానికి ఒకసారైనా చూస్తారా అని అడగండి. సార్ ఖాళీ ఫైల్ నుంచి రాస్తున్నాడా, నోట్స్ చూసి ఎక్కిస్తున్నాడా గమనించండి. సిలబస్‌లో గ్రిడ్ (పేజీని అడ్డం నిలువు గళ్లుగా సర్దే పద్ధతి), ఫిగ్మా (డిజైన్ గీసే టూల్) లేకుండా ఇంకా పాత పద్ధతిలో టేబుల్స్‌తో లేఅవుట్ చెప్తుంటే వచ్చేయండి. చెప్పిన ఫీజులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో ముందే అడిగి, వాయిదాల్లో కట్టి, ప్రతిసారీ రసీదు తీసుకోండి. జాబ్ గ్యారంటీ అన్న మాటకి ఎక్కువ డబ్బులు కట్టొద్దు. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామంటే దయచేసి ఒప్పుకోవద్దు, కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తాయి, దొరికితే వచ్చిన ఉద్యోగం కూడా పోతుంది. బయట ఊరి నుంచి వచ్చేవాళ్లయితే ఫీజు ఒక్కటే కాదు, హాస్టల్, మెస్ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోండి.

ఇంట్లోనే నేర్చుకుందాం అనుకుంటే ఇద్దరు ఫ్రెండ్స్‌ని కలుపుకుని ప్రతి ఆదివారం ఒకరి పేజీ ఒకరు చూసుకోండి. ఆ టిఫిన్ సెంటర్ ఆయన చేతికి ఫోన్ ఇచ్చి, మీరేం మాట్లాడకుండా పక్కన నిలబడి, ఫోన్ బటన్ ఆయనకి దొరుకుతుందో లేదో చూడండి, దొరక్కపోతే ఆ రాత్రే మార్చి పొద్దున్నే మళ్లీ చూపించండి.