పేటెంట్ చదవడం నేర్చుకుందాం – 3: బైట్‌కోడ్ మీద ఒక క్లెయిమ్

గత పాఠంలో పేటెంట్ పత్రంలో ఏ భాగం ఎక్కడుంటుందో చూశాం. ఈసారి ఒక క్లెయిమ్‌ను, అంటే హక్కు దేనిమీదో చెప్పే వాక్యాన్ని, ముక్కలు చేద్దాం. జావా భాష సృష్టికర్త జేమ్స్ గోస్లింగ్ పేరిట ఉన్న అమెరికా పేటెంట్ ఆర్‌ఈ38104 తెరవండి. ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌పై ఒరాకిల్ 2010లో వేసిన దావాలో ఇదీ ఉంది.

ముందు సమస్య అర్థం కావాలి. ఏ యంత్రం మీదైనా నడవాల్సిన బైట్‌కోడ్‌లో (మనం రాసే కోడ్‌కూ యంత్ర భాషకూ మధ్య రూపం) 'వయసు' అనే ఫీల్డ్ మెమరీలో ఎక్కడుంటుందో ముందే రాయలేం. కాబట్టి పేరే ఉంచుతాం. నడిచే ప్రతిసారీ ఆ పేరు వెతికితే ప్రోగ్రామ్ నత్తనడకే. ఒకసారి వెతికి, దొరికిన సంఖ్యను దాచుకుని, దానితోనే డేటా తెచ్చుకోవడం గోస్లింగ్ పద్ధతి. పోర్టబుల్ భాష రాసే ఎవరికైనా ఈ అవసరం వస్తుంది. ఇలాంటి పేటెంట్ ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఇప్పుడు కాగితం మీద రెండు నిలువు వరుసలు గీయండి. ఎడమవైపు 11వ క్లెయిమ్ ముక్కలు: సింబాలిక్ రిఫరెన్సులున్న (డేటాను పేరుతో సూచించే) ఇన్‌స్ట్రక్షన్లు, వాటికి సరిపోయే సంఖ్యను కనుక్కోవడం, దాన్ని దాచడం, దానితో డేటా తేవడం. కుడివైపు మీ ఇంటర్‌ప్రెటర్‌లో (బైట్‌కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్) ఆ పని చేసే ఫైలు, ఫంక్షన్ పేరు. ఒక్క గడి నిజంగా ఖాళీగా మిగిలినా అక్షరార్థంలో ఉల్లంఘన లేదు. అయితే 'దాదాపు అదే పని, అదే తీరు' అనే వాదన అమెరికా కోర్టుల్లో ఉంది, కాబట్టి పేర్లు మార్చినంత మాత్రాన గడి ఖాళీ కాదు.

ఆ దావాలో, ఆండ్రాయిడ్‌లో బైట్‌కోడ్‌ను నడిపిన డాల్విక్ విషయంలో తగవంతా మొదటి గడి దగ్గరే. ఇన్‌స్ట్రక్షన్‌లో ఉన్నది పేరు కాదు, ఇండెక్స్ సంఖ్య అని గూగుల్ అంది. ఆ సంఖ్య చివరికి పేరు దగ్గరికే తీసుకెళ్తుంది, అది సింబాలిక్కే అని ఒరాకిల్ అంది. 2012 మేలో జ్యూరీ ఉల్లంఘన లేదని తేల్చింది.

ఎక్కువమంది శీర్షిక, సారాంశం చదివి బెదిరిపోతారు. హక్కు హద్దులు క్లెయిమ్‌లోనే ఉంటాయి. గడువూ చూడండి: ఇది 1992 నాటి దరఖాస్తు, ఎప్పుడో ముగిసింది. భారత చట్టంలో సెక్షన్ 3(కె) కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు అదే రూపంలో పేటెంట్ ఇవ్వదు. కానీ హైదరాబాద్‌లో రాసిన రన్‌టైమ్ అమెరికాలో అమ్మితే అక్కడి చట్టమే వర్తిస్తుంది. అప్పుడు ఈ పట్టికను పేటెంట్ న్యాయవాదికి చూపించండి.

అభ్యాసం: అదే దావాలోని 6061520 నంబరు పేటెంట్ మొదటి క్లెయిమ్‌ను ఇలాగే విడగొట్టండి. బైట్‌కోడ్‌ను నిజంగా నడపకుండా నడిపినట్టు అనుకరించాలన్న ముక్క అందులో ఉంది. కోడ్ నమూనాను పోల్చి గుర్తించే టూల్ ఆ గడిని నింపుతుందా? కారణంతో రాసి ఉంచండి, వచ్చే పాఠం అక్కడి నుంచే.