పోలండ్‌లో కాపురం పెట్టే తెలుగువారికి: పలకరింపు, వంటిల్లు, విందు మర్యాద

చదువు కోసమో ఉద్యోగం కోసమో పోలండ్‌కు వచ్చే తెలుగువారిలో చాలామంది మొదటి నెలంతా కందిపప్పు ఎక్కడ దొరుకుతుంది, చింతపండు ఎక్కడ దొరుకుతుంది అని వెతకడంలోనే గడిపేస్తారు. వ్రోత్స్వాఫ్ నగరంలో నేనూ అలాగే మొదలుపెట్టాను. వారానికొకసారి రెండు ట్రాములు మారి ఇండియన్ సరుకుల దుకాణానికి వెళ్లేదాన్నే తప్ప, మా ఇంటి కిందనే ఉన్న కూరగాయల కొట్టులో ఏమేం అమ్ముతారో ఏడాది దాకా సరిగా చూడలేదు. ఆ కొట్టులో ఏం కొనుక్కోవాలి, కొట్టామెను ఎలా పలకరించాలి, తర్వాత ఎవరైనా భోజనానికి పిలిస్తే ఎలా నడుచుకోవాలి అన్నవే ఈ వ్యాసంలోని విషయాలు. వీసాలు, నివాస అనుమతుల జోలికి నేను వెళ్లడం లేదు.

పలకరింపు

చిన్న కొట్టులో అడుగుపెట్టినా, లిఫ్టు ఎక్కినా, డాక్టరు గది బయట కూర్చోబోతున్నా, అక్కడున్నవారికి వినపడేలా “జేన్ దోబ్రి” అనాలి. వెళ్లేటప్పుడు “దో విజేన్యా” అనాలి. ముక్కూమొహం తెలియనివారిని చూసి నవ్వే అలవాటు ఇక్కడ తక్కువ కనుక, ఎదుటి మనిషి ముఖం బిగించుకొని ఉన్నంత మాత్రాన మన మీద కోపమని అనుకోనక్కర్లేదు. పలకరించకుండా నేరుగా “అర కిలో టమాటా” అని అడిగితే మాత్రం కోపం నిజంగానే వస్తుంది.

పెద్దవారితో, కొత్తవారితో మాట్లాడేటప్పుడు మగవారిని “పాన్” అని, ఆడవారిని “పానీ” అని సంబోధించాలి. ఇది మన “గారు” లాంటిదే. ఆ మాట వెంట ఇంటిపేరు కాక అసలు పేరు రావడమే మర్యాద, ఎదురుగా ఉన్న మనిషిని పాన్ అంటూ ఇంటిపేరుతో పిలిస్తే కటువుగా వినిపిస్తుంది. పిలుపులో పేరు రూపం కూడా మారుతుంది. మనకు రాముడు “రామా” అయినట్టే, మారెక్ అనే ఆయన “పానియె మార్కు” అవుతాడు. ఈ సంగతి తెలుగువారికి చెప్పినంత సులువుగా ఇంగ్లీషువారికి చెప్పలేము. ఇక “నువ్వు” అనుకునే చనువును పెద్దవారు గానీ, ఆడవారు గానీ తామే ప్రతిపాదించాలి. అంతవరకు ఆగడం మంచిది.

“జెంకూయె” అంటే ధన్యవాదాలు అని ప్రతి పుస్తకమూ నేర్పుతుంది కానీ, ఆ మాట ఎప్పుడు అనకూడదో నేర్పదు. వచ్చిన కొత్తలో ఒక హోటల్లో 62 జ్వోటీల బిల్లుకు 100 నోటు ఇచ్చి, మర్యాదగా “జెంకూయె” అన్నాను. వడ్డించిన అమ్మాయి ముఖం వెలిగిపోయింది, నోటు పట్టుకొని వెళ్లిపోయింది, చిల్లర మాత్రం రాలేదు. తప్పు ఆమెది కాదు: డబ్బు చేతికిస్తూ ఆ మాట అంటే “మిగిలింది నువ్వే ఉంచుకో” అని అర్థం. చిల్లర కావాలంటే డబ్బిచ్చేటప్పుడు “ప్రోషె” అని, చిల్లర చేతికి వచ్చాకే “జెంకూయె” అనాలి. భోజనాల దగ్గర అదే మాటకు ఇంకొక అర్థం ఉంది. ఇంకొంచెం సూపు వేయమంటారా అని అడిగినప్పుడు “జెంకూయె” అంటే వద్దన్నట్టు. కావాలంటే “పొప్రోషె” అనాలి. ఫోనులో ఎదుటివారు మాటిమాటికీ “నో, నో” అంటున్నారని కంగారు పడవద్దు. పోలిష్‌లో అది మన “ఆఁ, ఊఁ” లాంటి ఒప్పుకోలు.

హోటళ్లలో, పాత రైల్వే స్టేషన్లలో మరుగుదొడ్డి తలుపు మీద బొమ్మ లేకుండా ఒక వృత్తమో త్రిభుజమో మాత్రమే ఉంటుంది. వృత్తం ఆడవారికి, త్రిభుజం మగవారికి.

వంటింటి సరుకు

మొదట తెలుసుకోవలసింది ఆదివారం సంగతి. 2018 మార్చిలో అమలు మొదలై దశలవారీగా బిగిసిన చట్టం ప్రకారం, 2020 నుంచి ఏడాదిలో కొన్ని ఆదివారాలు తప్ప మిగిలిన అన్ని ఆదివారాలూ పెద్ద దుకాణాలు మూసే ఉంటాయి. యజమాని స్వయంగా గల్లాలో కూర్చునే జాప్కా లాంటి చిన్న కొట్లు తెరిచి ఉన్నా వాటిలో ధర ఎక్కువ, కూరగాయలు తక్కువ. అందువల్ల సరుకులు శనివారం సాయంత్రంలోగా తెచ్చుకోవాలి.

గోధుమపిండి పొట్లం మీద 450 నుంచి 2000 వరకు ఏదో ఒక అంకె కనిపిస్తుంది. పిండిని పూర్తిగా కాల్చినప్పుడు మిగిలే బూడిదను బట్టి ఆ అంకె వేస్తారు కనుక, అంకె పెరిగేకొద్దీ పొట్టు పెరుగుతుందని గుర్తుంచుకుంటే చాలు. 450 కేకులకు పనికివచ్చే తెల్లని పిండి. చపాతీకి 1850 గానీ 2000 గానీ తీసుకొని, సాగడం కోసం అందులో మూడో వంతు 650 కలుపుకుంటే బాగుంటుంది. “కాషా మన్నా” అంటే గోధుమ రవ్వ. మన బొంబాయి రవ్వ కంటే సన్నగా ఉంటుంది కాబట్టి బాగా వేయించకపోతే ఉప్మా జావగా మారుతుంది. “కాషా యగ్లానా” అని అమ్మేవి మన వరిగలే. వాటిని వేడి నీళ్లతో ఒకటి రెండుసార్లు కడిగి చేదు పోగొట్టాక వండితే అన్నానికి బదులు నిస్సంకోచంగా తినవచ్చు. “కాషా గ్రిచానా” మాత్రం బక్‌వీట్ అనే వేరే దినుసు. దాని ఘాటైన వేపుడు వాసన సాంబారుకు కలవదు. పోలండువారు చేసినట్టు పుల్లని పాలతోనో కెఫీర్‌తోనో తింటేనే రుచి, వేసవి మధ్యాహ్నం అది వారి మజ్జిగన్నం.

గోంగూర కోసం బెంగపడేవారు వసంతంలో “ష్చాఫ్” అనే ఆకును కొనాలి. ఇది మన చుక్కకూరకు దగ్గరి చుట్టం, రెండూ ఒకే ప్రజాతి మొక్కలు. ఇక్కడివారు దానితో సూపు కాచి ఉడికించిన గుడ్డు వేసుకుంటారు. నేను పప్పులో వేస్తాను. చలికాలంలో అదే ఆకు తరిగి సీసాల్లో అమ్ముతారు, అందులో ఉప్పు ముందే కలిపి ఉంటుంది కనుక పప్పులో ఉప్పు తగ్గించాలి. తెలంగాణవారికి తెలిసిన సోయికూర “కోపెర్” పేరుతో ఏడాది పొడవునా దొరుకుతుంది. “మష్లాంకా” అనే చిలికిన మజ్జిగ మజ్జిగపులుసుకు సరిగ్గా సరిపోతుంది. “త్వారుగ్” అనే పాలవిరుగుడు ముద్ద పన్నీరులాగే కనిపించినా ఎక్కువ పుల్లన, వేడి తగిలితే పొడిపొడి అవుతుంది. కూరలో వేసి పాడుచేసుకోవద్దు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. ఇక్కడి సూపుల్లో చాలావాటికి మాంసపు రసమే ఆధారం. ఆదివారం మధ్యాహ్నం “రోసూవ్” అనే కోడిరసం కాచి, సోమవారం మిగిలిన రసంలోనే టమాటా కలిపి టమాటా సూపు చేయడం ప్రతి ఇంటి ఆనవాయితీ, దాని మీద జోకులు కూడా ఉన్నాయి. బంగాళాదుంప, త్వారుగ్ కూరి ఉడికించే, కజ్జికాయల్లాంటి “పియెరోగి రుస్కియె”లో మాంసం ఉండదు కానీ, పైన చల్లే వేపుడు ముక్కలు పందికొవ్వువి కావచ్చు; “బెజ్ స్క్వారెక్” అంటే అవి లేకుండా ఇస్తారు. రొట్టెతో పాటు చిన్న గిన్నెలో తెల్లగా వెన్నలా వచ్చే “స్మాలెత్స్” కూడా పందికొవ్వే. బయట తినాలంటే “బార్ మ్లెచ్ని” అనే పాలబార్లు నయం. 1896లో వార్సాలో మొదలైన ఈ తరహా భోజనశాలలకు నేటికీ ప్రభుత్వ సాయం అందుతోంది. గల్లా దగ్గర డబ్బు కట్టి, చీటీని వంటగది కిటికీలో ఇచ్చి, పిలిచినప్పుడు కంచం తెచ్చుకొని, తిన్నాక ఎంగిలి కంచం మనమే తిరిగి పెట్టాలి. పలక మీద “యార్‌స్కియె” అన్న వరుస కింద ఉండేవి మాంసం లేని వంటకాలు.

దోసకాయల జాడీ

పోలండ్ రుచికి తాళంచెవి పులుపు. మన పెద్దలు తరవాణి కుండ పెట్టినట్టే వీరు రై అనే ధాన్యపు పిండిని నీళ్లలో నాలుగైదు రోజులు పులియబెట్టి “జూరెక్” అనే సూపు కాస్తారు. క్యాబేజీని, బీట్‌రూటును, దోసకాయలను పులియబెడతారు. వీటిలో మనం మొదట నేర్చుకోవలసింది దోసకాయలు. దుకాణంలో “కిషోనె” అని ఉన్నవి ఉప్పునీటిలో పులిసినవి, “కొన్సెర్వోవె” అని ఉన్నవి వెనిగరులో వేసినవి. నా మట్టుకు నాకు రెండోవి పచ్చళ్ల లెక్కలోకి రావు.

జూలై, ఆగస్టు నెలల్లో సంతకు వచ్చే పొట్టి, గట్టి, మొటిమల దోసకాయలు అర కిలోకు పైగా తీసుకొని, గంటసేపు చల్లని నీళ్లలో వేసి ఉంచి కడగాలి. శుభ్రమైన లీటరు సీసా అడుగున గింజ పట్టిన సోయికూర కాడ ఒకటి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, వేలెడంత “హ్షాన్” దుంప వేయాలి. ఈ దుంప ఘాటు ఆవపిండిలా ముక్కుకు ఎక్కుతుంది. కాయలు మెత్తబడకుండా చెర్రీ ఆకో ఓక్ ఆకో ఒకటి వేస్తారు. దోసకాయలను నిలువుగా, కదలకుండా ఇరికించి, లీటరు నీటికి 30 గ్రాముల అయోడిన్ లేని ఉప్పు కలిపి కాచి చల్లార్చిన నీటిని అవి పూర్తిగా మునిగేలా పోయాలి. మూత వదులుగా పెట్టి, కింద పళ్లెం ఉంచాలి, ఎందుకంటే రెండో రోజుకు నీరు బుడగలు కట్టి పొంగుతుంది. వంటింట్లోనే మూడు నాలుగు రోజులుంచితే సగం పులిసిన “మవొసోల్నె” అవుతాయి. మరో పది రోజులకు పూర్తిగా పులుస్తాయి, అప్పుడు ఫ్రిజ్‌లోకి మార్చాలి.

నా మొదటి సీసా బూజుపట్టింది. ఆవకాయ పెట్టే చేయి కదా, తడి తగలకూడదన్న భయం ఎముకల్లో ఉంది. కాయలను గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, నీళ్లు వీలైనంత తక్కువ పోశాను. నీటికి పైన మిగిలిన కొనల మీద మూడో రోజుకే ఆకుపచ్చ మచ్చ లేచింది. పై అంతస్తు పెద్దావిడ ఆ సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, ఏమీ అనకుండా కాలువలో ఒంపేసి, తన వంటింటి నుంచి ఉప్పు డబ్బా తెచ్చింది. ఇక్కడ కాయను కాపాడేది నీరే. నీరు తెల్లగా మబ్బు పట్టినా భయం లేదు. కాయ జారుడుగా మెత్తబడినా, దుర్వాసన వచ్చినా పారేయాలి. సరిగా పులిసిన కాయ పెరుగన్నంలోకి ఊరమిరపకాయకు పోటీ వస్తుంది.

ఇంటికి పిలిస్తే

“గోష్చ్ వ్ దోమ్, బూగ్ వ్ దోమ్” అని పోలండ్ సామెత: అతిథి ఇంటికి వస్తే దేవుడు వచ్చినట్టే. పూలు తీసుకువెళ్లండి కానీ లెక్క బేసిగా ఉండాలి, మూడో అయిదో ఏడో, సరిసంఖ్య చావులకు. చామంతులు సమాధులవి. నవంబరు 1న ఊరంతా శ్మశానాలకు తరలి, చామంతి కుండీలు పెట్టి, గాజు దీపాలు వెలిగించి, చీకటి పడేదాకా తమవారి మధ్య నడుస్తుంది. మన పెత్రమాస తెలిసినవారు ఆ సాయంత్రం ఒక్కసారైనా వెళ్లి చూడవలసిందే. గడపకు అటొకరు ఇటొకరు నిలబడి కరచాలనం చేయకూడదు. లోపలికి వచ్చాకే చేయి చాపాలి. చెప్పులు విప్పితే “కాప్చె” అనే ఇంటి చెప్పులు ఇస్తారు, వేసుకోవాలి. అందరికీ వడ్డించి “స్మచ్‌నెగొ” అన్నాకే తినడం మొదలుపెట్టాలి. మద్యం వద్దంటే కారణం అడగవచ్చు. “బండి నడపాలి” అంటే మారుమాట ఉండదు, ఎందుకంటే రక్తంలో మద్యం లీటరుకు 0.2 గ్రాములకు చేరితే ఇక్కడ శిక్ష తప్పదు. పుట్టినరోజుతో పాటు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువగా, పేరురోజు జరుపుకొంటారు. మార్చి 19 యూజెఫ్‌లది, డిసెంబరు 4 బార్బరాలది. ఆ రోజు వారికి “స్తో లాట్”, అంటే నూరేళ్లు అని చెప్పండి. పిల్లలు తుమ్మినా అదే మాట అంటారు, మన “నూరేళ్లు” లాగే.

విగీల్యా రాత్రి

విగీల్యా అంటే క్రిస్మస్ ముందు రోజు. ఆ డిసెంబరు 24 రాత్రి భోజనానికి పిలిచారంటే మిమ్మల్ని ఇంటివారిలో కలుపుకున్నట్టే, కనుక మొహమాటపడి మానుకోవద్దు. 2025 నుంచి ఆ రోజు సెలవు కూడా. తెల్లని బల్లగుడ్డ కింద కాస్త ఎండుగడ్డి పరుస్తారు, అనుకోకుండా వచ్చే అతిథి కోసం ఒక కంచం అదనంగా పెడతారు, ఆకాశంలో తొలి చుక్క కనిపించేదాకా పిల్లలు కిటికీకి అతుక్కుపోయి ఉంటారు. బల్ల మీద పన్నెండు వంటకాలు ఉండాలని నియమం. మాంసం ఉండదు, చేప ఉంటుంది. శాకాహారి అయితే ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది దృష్టిలో చేప మాంసం కాదు. పుట్టగొడుగులు, క్యాబేజీ కూరిన పియెరోగి, గసగసాల నూడుల్స్, ఎండుపండ్ల పానకం మీకు మిగులుతాయి. ప్రతి వంటకమూ ఒక చెంచా అయినా రుచి చూడాలి.

తినడానికి ముందు “ఒప్వాటెక్” అనే పలచని తెల్లని అప్పం ప్రతి ఒక్కరి చేతిలో పెడతారు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, వారి అప్పంలోంచి చిన్న ముక్క మీరు విరుచుకొని, మీ దాంట్లోంచి వారిని విరుచుకోనిచ్చి, రాబోయే ఏడాదికి శుభం కోరాలి. దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి ఆలింగనం చేసుకునే తెలంగాణవారికి ఇందులో తడబాటు ఉండదు. “ఆరోగ్యం, సంతోషం” అని రెండు ముక్కలు చాలు. ఎదుటివారు మాత్రం మీ పరీక్షలు, మీ అమ్మగారి మోకాళ్ల నొప్పి దాకా అన్నీ గుర్తుపెట్టుకొని కోరతారు. కార్ప్ చేప పొలుసు ఇస్తే పర్సులో దాచుకోండి, డబ్బుకు లోటుండదని నమ్మకం.

వెళ్లేటప్పుడు మిగిలిన వంటకాలు సీసాల్లో నింపి ఇస్తారు, వద్దనకండి. ఆ సీసాలను మాత్రం తిరిగి ఇవ్వాలి. నేను నిమ్మకాయ పచ్చడి నింపి ఇచ్చాను. పెద్దావిడ పచ్చడి వాసన చూసి మూత బిగించి, సీసాను అటకమీది వరుసలో లెక్క ప్రకారం పెట్టింది. జూలైలో దోసకాయలకు అవే కావాలి.