కొత్త మోడల్ వచ్చింది, ల్యాప్‌టాప్ మార్చాలా? 3వ పాఠం: స్టిక్కరు వెనక ఏముంది?

పోయిన పాఠంలో మీకు ఒక పని అప్పగించాను. వారం రోజుల పాటు ల్యాప్‌టాప్ ముందు ఎక్కడెక్కడ ఆగిపోయి ఎదురుచూశారో, ఎన్ని సెకన్లు చూశారో కాగితం మీద రాయమన్నాను. దానికి ఎదురుచూపుల చిట్టా అని పేరు పెట్టుకున్నాం. ఇంకా రాయనివారు ముందు అది రాసి, ఆ తర్వాత ఇక్కడికి రండి. చిట్టా చేతిలో లేకపోతే ఈ పాఠం ఒట్టి సమాచారంగానే మిగిలిపోతుంది.

ఈ వారం రెండు పనులు నేర్చుకుందాం. కొత్త మోడల్‌లో నిజంగా మారింది ఏమిటో చదవడం ఒకటి. ఆ మార్పు మీ చిట్టాలోని ఏ వరుసను తగ్గిస్తుందో చూడటం రెండోది. మొదటిది ఒక గంటలో పట్టుబడుతుంది. రెండోదానికి ఓపిక కావాలి, డబ్బు మిగిలేది కూడా అక్కడే.

ఉదాహరణకు మా అక్క కూతురి ల్యాప్‌టాప్ తీసుకుంటాను. తను బెంగళూరు మారతహళ్లిలో ఉంటుంది, లెక్కల కార్యాలయంలో ఉద్యోగం. 2022లో కొన్న యంత్రం: ఇంటెల్ కోర్ ఐ5-1235యూ ప్రాసెసర్ (లెక్కలు చేసే చిప్పు), 8 జీబీ ర్యామ్ (నడుస్తున్న పనులను పట్టి ఉంచే తాత్కాలిక మెమరీ), 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్కు). ఒక ఆదివారం భోజనాల తర్వాత అడిగింది: "పిన్నీ, నాది ఉన్న వరుసలోనే కొత్తది వచ్చింది. కోర్ 5 120యూ అట. ఇది మరీ నెమ్మదించింది, మార్చేయనా?"

"చిట్టా తీసుకురా" అన్నాను. నాలుగు వరుసలు రాసింది. జీఎస్టీ లెక్కల పెద్ద ఎక్సెల్ ఫైలు తెరుచుకోవడానికి 40 సెకన్లు. బ్రౌజరులో వెనకటి ట్యాబ్‌కు తిరిగి వెళ్తే 7 సెకన్ల తెల్లతెర. వీడియో సమావేశంలో తెర పంచుకుంటే మాట తెగిపోవడం. ఛార్జరు తీస్తే రెండు గంటలు కూడా నిలవకపోవడం.

ముందు ల్యాప్‌టాప్ మీద ప్రాసెసర్ పేరుతో అంటించే స్టిక్కరు సంగతి చూద్దాం. ఐ5-1235యూ 2022 నాటిది. 2023లో ఐ5-1335యూ వచ్చింది, 2024లో కోర్ 5 120యూ వచ్చింది. "ఐ" అక్షరం పోయింది, అంకెల వరస మారింది. కోర్లు, అంటే చిప్పు లోపల విడివిడిగా పనిచేసే భాగాలు, మాత్రం మూడింటిలోనూ పదే: రెండు పెద్దవి, ఎనిమిది చిన్నవి. థ్రెడ్లు, అంటే ఒకేసారి నడపగల పని పాయలు, 12. మూల విద్యుత్ పరిమితి 15 వాట్లు. పెరిగింది గరిష్ఠ వేగం: 4.4 గిగాహెర్ట్జ్ నుంచి 4.6కు, అక్కడి నుంచి 5.0కు. ఆ గరిష్ఠ వేగం కూడా ఒకటి రెండు కోర్లు కొద్దిసేపు అందుకునేదే. పని ఎక్కువసేపు సాగితే యంత్రం వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

దీనితో పోల్చడానికి నిజమైన మార్పు ఒకటి గుర్తు పెట్టుకోండి. 2017లో ఐ5-7200యూ స్థానంలోకి ఐ5-8250యూ వచ్చినప్పుడు అదే 15 వాట్లలో కోర్లు రెండు నుంచి నాలుగయ్యాయి. అప్పుడు మార్చినవారికి తేడా మొదటి రోజే తెలిసింది. ఇకపై ఏ కొత్త మోడల్ చూసినా మొదట ఈ ప్రశ్న వేసుకోండి: కోర్ల సంఖ్య మారిందా, లోపలి నిర్మాణం మారిందా, లేక గరిష్ఠ వేగం ఒక్కటే కాస్త పెరిగిందా?

ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ. దాని రైజెన్ ప్రాసెసర్లలో ఇంకో మెలిక ఉంది. ఇది తెలియక నష్టపోయినవారు నాకు ఎదురయ్యారు కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. రైజెన్ 7000 వరుసలో మొదటి అంకె ఏ ఏడాది మోడలో చెబుతుంది, 7 అంటే 2023. లోపలి నిర్మాణం ఏ తరానిదో చెప్పేది మూడో అంకె. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2, అంటే 2019లో మొదలైన జెన్ 2 నిర్మాణం, నాలుగు కోర్లు. అంతకుముందు వరుసలోని రైజెన్ 5 5625యూలో ఉన్నది జెన్ 3, ఆరు కోర్లు. 5625యూ ఉన్న యంత్రాన్ని ఇచ్చేసి, అంకె పెద్దది కదా అని 7520యూ తెచ్చుకుంటే, డబ్బు పోసి వెనక్కి నడిచినట్టే. దుకాణంలో నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ మూడో అంకె చూడటం మరవకండి.

ఇక చిట్టా దగ్గరకు వద్దాం. 40 సెకన్ల ఎదురుచూపులో ప్రాసెసర్ వాటా సగం అనుకోండి, 20 సెకన్లు. కొత్త ప్రాసెసర్ గరిష్ఠ వేగం దాదాపు 14 శాతం ఎక్కువ. అది పూర్తిగా పనికి వచ్చిందనే లెక్క వేసినా ఆ 20 సెకన్లు 17.6 అవుతాయి. మిగతా 20 కదలవు. అంటే 40 సెకన్ల పని 37.6 సెకన్లకు తగ్గుతుంది. జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1967లో చెప్పిన సూత్రం ఇదే: మెరుగుపరచిన భాగం మొత్తం పనిలో ఎంతో, లాభం ఆ మేరకే ఉంటుంది. కూడికలు, భాగహారాలు వస్తే చాలు, ఈ లెక్క మీరే వేసుకోవచ్చు.

అయితే ప్రాసెసర్ వాటా సగమని ఊహించడం దేనికి, చూద్దాం అన్నాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగానికి వెళ్లి, ఆ ఎక్సెల్ ఫైలు తెరవమన్నాను. ప్రాసెసర్ గీత ఒకసారి పైకి లేచి, పడిపోయి, 20 శాతం దగ్గర పడుకుంది. మెమరీ గీత మాత్రం 93 శాతం దగ్గర బల్లపరుపుగా నిలిచింది. దాని కింద "కమిటెడ్" అన్నచోట 13.1 / 15.8 అని కనిపించింది. ప్రోగ్రాములన్నీ కలిసి అడిగిన చోటు 13 జీబీ దాటింది, యంత్రంలో ఉన్న ర్యామ్ 8 జీబీ. చాలని మేరకు విండోస్ ఎస్‌ఎస్‌డీ మీదికి సర్దుతూ, మళ్లీ తెస్తూ ఉంది. 40 సెకన్లలో ఎక్కువ భాగం ఈ తిరుగుడే. ట్యాబ్ తెల్లబడటానికీ కారణం ఇదే.

"అంటే ప్రాసెసర్ ఊరికే కూర్చుందా పిన్నీ?" అని తెర మీద వేలు పెట్టి అడిగింది. అవును, ర్యామ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

ఆ మెమరీ పేజీలోనే కింద ఇంకో రెండు వరుసలు ఉంటాయి, వాటిని తప్పక చదవండి. "స్లాట్స్ యూజ్డ్" ఎదురుగా 1 ఆఫ్ 2 అని ఉంటే ఇంకో ర్యామ్ ముక్కకు చోటుంది. "ఫామ్ ఫ్యాక్టర్" ఎదురుగా సోడిమ్ (SODIMM) అని ఉంటే ముక్కను మార్చుకోవచ్చు. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ర్యామ్‌ను బోర్డుకు అతికించేశారు, సాధారణంగా ఇక పెంచలేరు. మా అమ్మాయిది అదృష్టవశాత్తు మొదటి రకం. అతికించిన రకమైతే నా సలహా వేరుగా ఉండేది.

మరుసటి శనివారం వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చే మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో ఆకుపచ్చ మార్గానికి మారి, చిక్‌పేటలో దిగి, కంప్యూటరు విడిభాగాల దుకాణాలుండే ఎస్.పి. రోడ్డుకు నడిచాం. ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లడం ముఖ్యం. ర్యామ్‌లో డీడీఆర్4, డీడీఆర్5 అని రెండు తరాలు ఉన్నాయి. ఆ ముక్కలు చూడటానికి ఒకేలా ఉంటాయి కానీ గాడి వేరు, ఒకటి ఇంకోదానిలో పట్టదు. మొదటి దుకాణంలో ర్యామ్ మాట వినకుండానే "పాతది ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నారు. రెండో దుకాణంలోని కుర్రవాడు అడుగు మూత విప్పి, ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. ఆ ఒక్క పనితో అతని మీద నమ్మకం కలిగింది, ఎందుకంటే విద్యుత్ ఉండగా ముక్క పెడితే బోర్డుకే ప్రమాదం. కొత్త 8 జీబీ ముక్కను వాలుగా గాడిలో దూర్చి కిందికి నొక్కాడు, రెండు పక్కల కొక్కేలు టక్కుమన్నాయి. పక్కనే ఫ్యాను రెక్కల మీద బొంత కట్టిన దుమ్ము కనిపిస్తే అదీ దులిపించాం. మీ యంత్రానికి వారంటీ ఉంటే మాత్రం మూత విప్పే ముందు కంపెనీ సేవా కేంద్రంలో అడగండి. తనది అప్పటికే ముగిసింది.

ఇంటికి వచ్చి మళ్లీ కొలిచాం. ఎక్సెల్ ఫైలు 40 నుంచి 16 సెకన్లకు దిగింది. తెల్లతెర కనిపించలేదు. వీడియో సమావేశంలో మాట కూడా తెగలేదు.

నాలుగో వరుస బ్యాటరీది. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి powercfg /batteryreport అని కొడితే ఒక నివేదిక తయారవుతుంది. తయారైనప్పుడు ఉన్న సామర్థ్యం, ఇప్పుడు నిండగలిగే సామర్థ్యం అందులో ఉంటాయి. తనకు 42,000కు 24,800 వచ్చింది, 59 శాతం. అది బ్యాటరీ మార్పుతో తీరే సమస్య.

ఇదంతా చదివి, ఎప్పుడూ మార్చవద్దంటున్నానని అనుకోకండి. ఇంటెల్ 7వ తరం యంత్రం వాడుతున్నవారికి నా జవాబు వేరు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది, విండోస్ 11 అర్హత జాబితాలో 7వ తరం ప్రాసెసర్లు దాదాపు లేవు. బ్యాంకు పనులు, ఆఫీసు పనులు అందులోనే చేసేవారు ఇక మార్పు ఆలోచించాలి. చిన్న మార్పే పెద్ద లాభం ఇచ్చే సందర్భాలూ ఉన్నాయి. 2024 అక్టోబర్‌లో ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ ప్రాసెసర్లు మార్చకుండా, ప్రారంభ ధర పెంచకుండా కనీస ర్యామ్‌ను 8 నుంచి 16 జీబీకి పెంచింది. అప్పటికే ఒకటి కొనాలనుకుంటున్నవారికి అది చాలా విలువైన మార్పు.

కొత్త మోడల్ రాకతో ఇంకొకరికి మేలు జరుగుతుంది. ఎలాగూ కొనవలసినవారు నిరుటి మోడల్ ధర అడగండి. కోర్లు అవే, నిర్మాణం అదే అయితే, దుకాణాలు పాత సరుకు ఖాళీ చేసుకునే వారాల్లో అదే సరైన బేరం. ఆ మిగులుతో 16 జీబీ ఉన్నది తెచ్చుకోండి.

ఈ వారం అభ్యాసం. చిట్టాలో అన్నిటికన్నా పెద్ద వరుసను ఎంచుకోండి. టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచి ఆ పని మూడుసార్లు చేయండి, ప్రతిసారీ యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టి. ప్రాసెసర్, మెమరీ, డిస్కు గీతల్లో ఏది ఆ ఎదురుచూపు పొడవునా పైన నిలిచిందో రాయండి. మూడుసార్లూ ఒకే జవాబు రాకపోతే నాలుగోసారి చేయండి. ఆ పక్కనే మీ ర్యామ్ ఏ రకమో, బ్యాటరీ శాతం ఎంతో రాసి ఉంచండి. పాత యంత్రానికి మార్పిడిలో ఎంత ఇవ్వచూపుతున్నారో, విడిగా అమ్మితే ఎంత వస్తుందో 4వ పాఠంలో లెక్క వేసేటప్పుడు ఈ మూడూ కావాలి.