రాక్ పాటకు రిథమ్ గిటార్ వాయించడం ఎలా?

గిటార్ కొన్న కొత్తలో అందరి కళ్లూ ఎడమ చేతి మీదే ఉంటాయి. ఏ వేలు ఎక్కడ పెట్టాలా అన్న టెన్షన్‌లో కుడి చెయ్యి ఆగిపోతుంది. కార్డ్ (ఒకేసారి కలిపి మోగించే కొన్ని స్వరాలు) కాస్త తప్పినా వినేవాళ్లు సర్దుకుంటారు గానీ, లయ తప్పితే డ్రమ్స్ వాయించేవాడు మొదట మన వైపే చూస్తాడు. అందుకే కుడి చేతితో మొదలుపెడదాం.

ఎడమ చేతి వేళ్లు తీగల మీద నొక్కకుండా ఊరికే ఆనించండి. స్వరం పలకదు, టక్‌టక్‌మని చప్పుడే వస్తుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మని లయ చూపే యాప్) నిమిషానికి 60 టిక్‌లకు పెట్టి "వన్ అండ్ టూ అండ్ త్రీ అండ్ ఫోర్ అండ్" అని పైకే లెక్కపెట్టండి. అంకెకు చెయ్యి కిందికి, అండ్‌కు పైకి. ఇది కుదిరాక రెండు దెబ్బలు వదిలేయండి: వన్ తర్వాతి అండ్, ఆపైన త్రీ. మిగిలేది కింద, కింద-పైన, పైన-కింద-పైన. కిటుకంతా త్రీ దగ్గరే ఉంది. అక్కడ చెయ్యి కిందికి దిగాలి, కానీ తీగను తాకకూడదు. ఆగిందా, లయ పోయినట్టే. ఇది నా బుర్రకెక్కడానికి చాలా నెలలు పట్టింది.

ఇప్పుడు కార్డ్‌లు. అన్నిటికన్నా లావు తీగ ఆరోది. ఇ మైనర్‌కు అయిదు, నాలుగు తీగలను రెండో ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది లోహపు పట్టీల మధ్య గడిని ఫ్రెట్ అంటారు) నొక్కి ఆరు తీగలూ మీటండి. ఎ మేజర్‌కు నాలుగు, మూడు, రెండు తీగలు అదే ఫ్రెట్‌లో. ఆరో తీగ వదిలేయండి. నాలుగు లెక్కలకొకసారి కార్డ్ మార్చండి. చివరి అండ్ దగ్గరే వేళ్లు ఎత్తేయవచ్చు. ఆ ఒక్క దెబ్బకు ఖాళీ తీగలు మోగినా ఫరవాలేదు, అందరూ చేసే పనే.

రాక్‌కు అసలు పట్టు పవర్ కార్డ్. చూపుడు వేలు ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో, ఉంగరం వేలు అయిదో తీగ అయిదో ఫ్రెట్‌లో, చిటికెన వేలు నాలుగో తీగ అదే ఫ్రెట్‌లో. ఇది జి. సన్న తీగలు మోగకుండా చూపుడు వేలినే వాటి మీద వాల్చండి. ఇందులో పలికేవి స, ప, పై స. గాంధారం లేదు కాబట్టి మేజరూ కాదు, మైనరూ కాదు. డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెంచినా శబ్దం గజిబిజి కాకపోవడానికి ఇదే కారణం. ఈ పట్టునే రెండు ఫ్రెట్‌లు ముందుకు జరిపితే ఎ వస్తుంది.

ఇక పామ్ మ్యూట్, అంటే అరచేతితో తీగల మోతను అణచడం. కుడి అరచేతి అంచును తీగలు బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగల చివరలను పట్టి ఉంచే భాగం) మీద కూర్చునే చోట తేలిగ్గా ఆనించి, అన్నీ కిందికే మీటండి. చెయ్యి ముందుకు జరిగితే స్వరం చచ్చిపోతుంది, వెనక్కి జరిగితే మామూలుగా మోగిపోతుంది. రామోన్స్ బ్యాండ్‌లో జానీ రామోన్ కిందికి మీటే దెబ్బలతోనే పాటలు నడిపేవాడు. ఆ వేగం మనకు ఇప్పుడే వద్దు. డ్రమ్స్‌లో స్నేర్ (టప్‌మని మోగే డ్రమ్) దెబ్బ పడే టూ, ఫోర్ దగ్గర అరచెయ్యి ఎత్తి గట్టిగా కొట్టి చూడండి. మణికట్టు పట్టేస్తే మెట్రోనోమ్ తగ్గించండి. దెబ్బ మోచేతి నుంచి కాదు, మణికట్టు నుంచి రావాలి.