బతుకమ్మకు బంతి పూలు కావాలంటే ఇప్పుడే నత్తలను పట్టండి

మృగశిర కార్తెలో పోసిన బంతి నారు నాలుగైదు ఆకులు వేశాక ఒక్క రాత్రిలో మొదలంటా మాయమైందంటే, అది చాలావరకు పెంకు లేని నత్తల పనే. హనుమకొండలో మా వీధివాళ్లు గొంగళి పురుగు అనుకొని వేప నూనె కొడుతుంటారు. నూనె దండగ, నారు దక్కదు. పొద్దున్నే మొక్క దగ్గర కూర్చొని చూడండి. మట్టి మీదా కుండీ అంచు మీదా ఎండిన జిగురు చార మెరుస్తుంటే నత్త వచ్చి వెళ్లినట్టు. చార లేకుండా ఆకుల మీద నల్లటి రెట్ట కనిపిస్తే గొంగళి పురుగు. ఈ తేడా తేల్చుకోకుండా ఏ మందూ కొనకండి.

మా పెరట్లో ఎక్కువగా కనిపించేది నల్లగా, వేలెడు పొడవుండే రకం. వీపు మధ్యలో సన్నటి లేత గీత ఉంటుంది. ఇది ఆఫ్రికా నుంచి వచ్చి దేశమంతటా స్థిరపడింది. పిల్లలు జలగ అనుకొని భయపడతారు కానీ ఇది రక్తం తాగదు. దీని కన్నంతా లేత ఆకు మీదే. ముదిరిన మొక్క కొన్ని ఆకులు పోయినా తట్టుకుంటుంది, నారుకు ఆ ఓపిక లేదు. నాటిన బంతి పూతకు రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. శ్రావణంలో నారు పోగొట్టుకుంటే ఎంగిలిపూల బతుకమ్మ నాటికి, అంటే పండుగ మొదటి రోజుకి, మళ్లీ పెంచలేం. గునుగు, తంగేడు బయట దొరుకుతాయి. వేయిస్తంభాల గుడికి తీసుకువెళ్లే బతుకమ్మలో బంతి మాత్రం ఇంట్లో పూసిందే ఉండాలని నా పట్టుదల.

ముందుగా వాటి ఇళ్లు తీసేయాలి. నత్త ఒంట్లో నీరు తొందరగా ఆవిరైపోతుంది, అందుకే పగలంతా తడి నీడలో దాక్కుంటుంది. పెరట్లో వదిలేసిన షాబాద్ బండ ముక్కలు, ఇటుకలు, పాత గోనె సంచులు, కుండీల అడుగు, ఇవే దాని స్థావరాలు. అవసరం లేనివి బయట పారేయండి. కుండీలను ఇటుకల మీదికి ఎత్తి, కింద గాలి ఆడేలా చూడండి. బండ ఎత్తినప్పుడు తడి మట్టిలో లేత రంగు గుడ్లు గుంపుగా కనిపిస్తే, మట్టితో సహా తీసి ఎండలో పరచండి. నీళ్లు సాయంత్రం పోసే అలవాటు మానుకొని ఉదయం పోయండి. సాయంత్రం తడిపిన మడి రాత్రంతా నత్తలకు దారి వేసినట్టే.

ఇక అసలు పని చేత్తో ఏరడం. దీన్ని మించిన మందు నాకు తెలియదు. వాన వెలిసిన రాత్రి, భోజనాలయ్యాక టార్చిలైటుతో బయలుదేరండి. చేతికి తొడుగులు వేసుకోండి, లేదా పాత పట్టకారు వాడండి. బకెట్‌లో సగం వరకు నీళ్లు పోసి, గట్టిగా ఉప్పు కలిపి, దొరికినదాన్ని దొరికినట్టు అందులో వేయండి. ఆకుల పైన చూసి వదిలేయకండి, అడుగు భాగం, కాండం మొదలు, కుండీ బయటి వైపు కూడా చూడాలి. ఆ ఉప్పునీళ్లు మడిలో పోయకూడదు, మురుగు కాలువలో పోసి, చచ్చినవాటిని దూరంగా పూడ్చండి. నేరుగా మొక్క మొదట్లో ఉప్పు చల్లేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. నత్తతో పాటు మట్టి కూడా పాడవుతుంది.

రాత్రి తిరగలేనివాళ్లు తడి గోనె సంచిని మడి పక్కన పరిచి, దాని కింద క్యాబేజీ పై ఆకులో బొప్పాయి ఆకులో పెట్టండి. తెల్లవారేసరికి నత్తలు అక్కడే చేరి ఉంటాయి. ఎండ రాకముందే సంచి ఎత్తి ఏరేయాలి. ఆలస్యం చేస్తే అవి వేరే చోటు చూసుకుంటాయి. పులిసిన వాసనకు కూడా నత్త వస్తుంది. మిగిలిన కల్లు గిన్నెలో రెండు వేళ్ల లోతు పోసి మట్టిలో పాతండి. అంచు నేలకు కాస్త పైకే ఉండాలి, లేకపోతే మేలు చేసే పెంకు పురుగులు కూడా పడతాయి. చుట్టుపక్కల కొద్ది దూరం వరకే దీని ప్రభావం, కాబట్టి పెద్ద పెరటికి ఇదొక్కటే చాలదు.

కట్టెల బూడిద, పొడి సున్నం పొడిగా ఉన్నంతసేపు అడ్డుపడతాయి. ముసురు పట్టే రోజుల్లో వాటిని నమ్ముకోకండి. గుడ్డు పెంకుల మీద కూడా నాకు నమ్మకం లేదు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2018లో రాగి పట్టీ, గుడ్డు పెంకులతో సహా ఐదు రకాల అడ్డంకులను లెట్యూస్ మొక్కల చుట్టూ పెట్టి పరీక్షిస్తే, ఏమీ పెట్టని మొక్కలతో పోల్చినప్పుడు నష్టంలో తేడా కనిపించలేదు.

ఎరువుల దుకాణంలో మెటాల్డిహైడ్ గుళికలు అమ్ముతారు. నత్తలు చస్తాయి, నిజమే. కానీ వాటిని తిన్న కుక్కకు వణుకు, మూర్ఛ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. కోళ్లు, చిన్న పిల్లలు తిరిగే ఇంట్లో వాటి అవసరమే లేదని నేను గట్టిగా చెబుతాను. కప్పలను తరమకండి. జెముడు కాకి పెరట్లో దిగితే అదిలించకండి. రెండూ నత్తలను తినేవే.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఖాళీ మడిని లోతుగా తవ్వి వదిలేయండి. ఎండలకు మట్టి లోపల దాక్కున్నవి పైకి తేలి ఎండిపోతాయి, పక్షులు కూడా ఏరుకుంటాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. నత్తల్లో ఎలుకల ఊపిరితిత్తుల పురుగు ఉండవచ్చు, అది మనిషి ఒంట్లోకి చేరితే మెదడు పొరల వాపు రావచ్చు. నత్తను ఉత్త చేతులతో ముట్టకండి, పని కాగానే సబ్బుతో చేతులు కడగండి. పెరటి పాలకూర, కొత్తిమీరలను ఆకు ఆకూ విడదీసి, ధారగా పడే నీళ్ల కింద కడిగి వండండి. జిగురు చారలున్న ఆకులను పచ్చిగా తినకండి.